లిండ్నర్ల వంశశుద్ధి

ఆ శనివారం ఉదయం కోరలీ పెక్ పెట్టుకున్న పని ఒక్కటే. తొమ్మిదింటికల్లా వంశచరిత్ర చివరి ప్రూఫులు చూడటం పూర్తిచేసి, స్టైన్‌బాక్ పోస్టాఫీసు మూసేలోపు వాటిని అచ్చాఫీసుకు పంపించడం. మార్చి నెల, ద్రాక్షకోతల కాలం. ఆస్ట్రేలియాలోని ఆ బరోసా లోయ అంతా ట్రాక్టర్ల వెనక పరుగెడుతుంటే ఆమె మాత్రం వంటింటి బల్ల మీద ఆరువందల పన్నెండు పేజీలు పరుచుకుని, ఎర్ర పెన్నుతో చచ్చినవాళ్ళ పుట్టినతేదీలు దిద్దుతూ కూర్చుంది.

ఆమె పుట్టింటివారు లిండ్నర్లు. మెర్విన్ పెక్‌ను చేసుకుని నలభై ఏడేళ్ళయినా ఆ సంగతిని తాను మరవలేదు, ఇంకొకరిని మరవనివ్వలేదు. గ్యాస్ బండ తెచ్చేవాడికి రాసి తలుపుకు అంటించే చీటీ కింద కూడా "కోరలీ పెక్, పుట్టుకతో లిండ్నర్" అని సంతకం చేసేది. మెర్విన్ తాతలు పందులు పెంచి, మెట్‌వుర్స్ట్ అనే పొగబెట్టిన సాసేజీలు చేసి అమ్మినవాళ్ళు. పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆమె వాళ్ళను "పొగ మనుషులు" అంది. ఆ తర్వాత కూడా అదే మాట అంటూనే ఉంది.

గాట్‌ఫ్రీడ్ లిండ్నర్ అనే రైతు జర్మనీలో ఓడెక్కి ఇక్కడ దిగి ఆ ఏడాదికి నూట డెబ్బై అయిదేళ్ళు. అక్టోబరు సెలవుల్లో నాలుగువందల మంది లిండ్నర్లు చర్చి హాల్లో కలుసుకోవాలని, హాలు ముందు ఒక శిలాఫలకం ఆవిష్కరించాలని, ఈ పుస్తకం పంచాలని ఏర్పాటు. కమిటీ అధ్యక్షురాలు కోరలీ. కమిటీలో తక్కినవాళ్ళు ఉన్నారా లేరా అన్నది వాళ్ళకే అనుమానం.

పుస్తకంలో ప్రతి లిండ్నర్‌కూ ఒక నంబరుంది. గాట్‌ఫ్రీడ్‌కు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు విల్‌హెల్మ్ ఒకటి, నడిమివాడు ట్రౌగాట్ రెండు, చిన్నవాడు ఎర్న్‌స్ట్ మూడు. కోరలీ విల్‌హెల్మ్ మునిమనవరాలు కాబట్టి ఆమె నంబరు ఒకటితో మొదలవుతుంది. ఒకటితో మొదలవని వాళ్ళతో మాట్లాడేటప్పుడు ఆమె గొంతు కొంచెం జాలిగా మారేది. ఇక పెంపుడు పిల్లలు, మారు పెళ్ళితో వచ్చిన పిల్లలు, పెళ్ళికి ముందు పుట్టిన పిల్లలు అందరికీ నంబర్లు లేవు. వాళ్ళంతా చివర "అనుబంధం: ఇతరులు" అన్న శీర్షిక కింద ఉన్నారు. అక్కడ అక్షరాల సైజు కూడా తక్కువ. ఆమె చెల్లెలి కూతురు పెంచుకున్న పిల్ల ఈతలో రాష్ట్రానికే మొదటి స్థానం తెచ్చుకుంటే, ఆ ఫోటో కూడా అనుబంధంలోనే, తపాలా బిళ్ళంత అచ్చయింది.

తొమ్మిదిన్నరకు ఫోను మోగింది. అవతల ట్రెవర్ హాస్కిన్ అనే మనిషి. వయల్లాలో ఉంటాడట. సెప్టిక్ ట్యాంకులు ఖాళీ చేసే లారీ నడుపుతాడట. క్రిస్మస్‌కు కూతురు డీఎన్‌ఏ పరీక్ష డబ్బా కానుకగా ఇస్తే సరదాగా ఉమ్మి పంపాడట. వాళ్ళ నాయనమ్మ చిన్నప్పుడు స్టైన్‌బాక్‌లో లిండ్నర్ల ఇంట్లో వంటపని చేసి, ఉన్నట్టుండి ఊరు విడిచి వెళ్ళిపోయిందట. ఆ తర్వాత ఏడు నెలలకు వాళ్ళ నాన్న పుట్టాడట.

"నాకేం ఆస్తులు అక్కర్లేదక్కా. పుస్తకం వేస్తున్నారని విన్నాను. మా నాన్న పేరు ఏదో ఒక మూల పడితే చాలు. మీలో ఒక్కరు ఆ పరీక్ష చేయించుకున్నా సంగతి తేలిపోతుంది" అన్నాడు ట్రెవర్.

పరిచయం లేనివాడు అక్క అన్నందుకు ఒకటి, లిండ్నర్ల ఇంట్లో అలాంటిది జరిగిందన్నందుకు ఒకటి, జరిగినది ఏ ఇంట్లోనో చెప్పలేకపోయినందుకు ఒకటి, మొత్తం మూడు కోపాలు వచ్చాయి కోరలీకి. అయినా ఫోను పెట్టేసే సమయానికి ఆమె ముఖం వెలిగిపోతోంది. వాడి నోరు మూయించడానికి సైన్సు అనే ఒక సాధనం ఉందని ఆమెకు అప్పుడే తట్టింది. ప్రూఫులు ఆ రోజు పోస్టులో పడలేదు.

పరీక్ష డబ్బా వారంలో వచ్చింది. ఒకటి కొంటే ఇంకొకటి ఉచితమట. గొట్టంలో గీత వరకూ ఉమ్మాలి, దానికి ముందు అరగంట ఏమీ తినకూడదు, తాగకూడదు. ఊళ్ళో ఎవరు కనబడినా మాటలకు కొదవలేని కోరలీ నోరు ఆ పూట ఎండిపోయింది. పావుగంట తంటాలు పడినా గొట్టం అడుగు తడవలేదు. మెర్విన్ పెరట్లోంచి వచ్చి, పరిస్థితి చూసి, సోయికూర వేసి ఊరబెట్టిన దోసకాయల జాడీ మూత తీసి ఆమె ముక్కు దగ్గర పట్టుకున్నాడు. గొట్టం నిండింది. ఉచితంగా వచ్చినది వృథా పోవడం ఇష్టం లేక రెండో గొట్టంలో మెర్విన్ చేత ఉమ్మించింది. అతను ఎందుకని అడగలేదు. అడిగే అలవాటు అతనికి పోయి చాలా కాలమైంది.

మే నెలలో ఫలితాలొచ్చాయి. కోరలీకి రక్తసంబంధం ఉన్నవాళ్ళ జాబితాలో ట్రెవర్ హాస్కిన్ పేరు లేదు. ఆమె రెండుసార్లు చూసుకుంది, మూడోసారి పైకి చదివింది. లేదు. జాబితాలో లిండ్నర్లు ఎవరూ లేని మాట నిజమే గానీ, తక్కిన లిండ్నర్లు ఇంకా పరీక్ష చేయించుకోలేదు కదా. అన్నిటికంటే పైన మెర్విన్ పెక్ అని, అతని కింద ఇంకా నలుగురు పెక్‌లు అని ఎందుకు వచ్చిందంటే, ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఉమ్మడం వల్ల కలగలిసి ఉంటాయని ఆమె తేల్చుకుంది. ఆ సంగతి మెర్విన్‌కు చెప్పాల్సిన అవసరం కనిపించలేదు.

ఆ సాయంత్రమే నాలుగువందల మందికి ఉత్తరం వెళ్ళింది. వయల్లాకు చెందిన ఒకానొక వ్యక్తిలో లిండ్నర్ రక్తం చుక్క కూడా లేదని సైన్సు రుజువు చేసిందనీ, ఇలాంటివాళ్ళు మళ్ళీ చొరబడకుండా అందరూ పరీక్ష చేయించుకోవాలనీ అందులో రాసింది. రక్తం రుజువైనవాళ్ళ పేరుచీటీ మీద బంగారు చుక్క ఉంటుంది, వాళ్ళకు హాల్లో చోటు. తక్కినవాళ్ళకు పక్కన గుడారంలో. ఈ నియమానికి మినహాయింపు లేదని కింద గీత కూడా గీసింది. పుస్తకం అచ్చుకు వెళ్ళింది. శిల్పి రాయి చెక్కడం మొదలుపెట్టాడు.

బంగారు చుక్క అనేసరికి ఊళ్ళో పెద్దమనుషులందరికీ నోళ్ళూరాయి. అందరికంటే ముందు ఉమ్మినవాడు రైన్‌హోల్డ్ లిండ్నర్. ఊరి మధ్యలో పెద్ద బేకరీ అతనిదే. ట్రౌగాట్ శాఖకు పెద్ద. పండుగ రోజున నాలుగువందల మందికి స్ట్రాయిజెల్ కేకు చేసిపెట్టే బాధ్యత అతను ఎత్తుకున్నాడు. నలభై ఏళ్ళు చర్చి పెద్దగా ఉన్న వాళ్ళ తాత నిలువెత్తు పటం హాల్లో పాస్టరు కుర్చీ వెనకే ఉంటుంది. ఆ తాత పేరు చెప్పే రైన్‌హోల్డ్ సగం రొట్టెలు అమ్మేవాడు.

జూలైలో ఒక ఉదయం అతను ఏప్రనుతోనే కోరలీ ఇంటికి వచ్చి, ఫలితాల కాగితం బల్ల మీద పెట్టి, కుర్చీలో కూలబడ్డాడు. జాబితాలో మొదటి పేరు ట్రెవర్ హాస్కిన్. ఇద్దరికీ తాత ఒకరే. ఎవరింట్లో వంటపనో, ఎవరు ఊరు విడిచిపెట్టించారో ఇంక అడగనక్కరలేదు.

కోరలీ కాగితం కింద దాకా చదివింది. అందులో తన పేరు లేదు. లిండ్నర్లలో నేనెక్కువో వాళ్ళెక్కువో అనే మీమాంస ఆమెకు ఎప్పుడూ లేదు కాబట్టి, నిర్ణయానికి రావడానికి నిమిషం కూడా పట్టలేదు.

"నీకు నాతో సంబంధం లేదంటోంది ఈ కాగితం, రైన్‌హోల్డ్. అంటే మీ ముత్తాత ట్రౌగాట్ అసలు గాట్‌ఫ్రీడ్ కొడుకు కాదన్నమాట. నాకు చాలా బాధగా ఉంది."

"బాధగా ఉన్నట్టు లేదు నీ ముఖం."

"మీవాళ్ళను గుడారంలో మంచి చోట కూర్చోబెడతానులే."

రైన్‌హోల్డ్ లేచాడు. పిండి అంటిన వేళ్ళతో ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. గుడారంలో కూర్చునేవాళ్ళు కేకులు చేయరని మాత్రం చెప్పి వెళ్ళిపోయాడు.

అక్కడి నుంచి స్టైన్‌బాక్‌లో ఉమ్మనివాడు లేడు. ట్రౌగాట్ శాఖలో అరవై మంది చేయించుకున్నారు. వాళ్ళందరూ ఒకరికొకరు బంధువులే, ట్రెవర్‌కూ బంధువులే. విల్‌హెల్మ్ శాఖలో రెండువందల మంది చేయించుకున్నారు. వాళ్ళూ ఒకరికొకరు బంధువులే. ఆ శాఖకూ ఈ శాఖకూ మాత్రం గోరంత సంబంధం లేదు. రెండిట్లో ఒకటి దొంగ శాఖ. ఏది అన్నదే ప్రశ్న. చర్చి మహిళాసంఘం టీ సమావేశంలో రెండు కెటిళ్ళు పెట్టారు. ఊరి బ్యాండులో ట్యూబా విల్‌హెల్మ్ వాళ్ళది, ట్రంపెట్లు ట్రౌగాట్ వాళ్ళవి. ఆదివారం సాధనలో ఒక గదిలోంచి బుంబుం, ఇంకో గదిలోంచి పీపీ వినిపించాయి. యాభై ఏళ్ళుగా ఒకే కంచె పంచుకున్న ఇద్దరు లిండ్నర్లు ఆ కంచె ఎవరిదో తేల్చుకోవడానికి కొలతలవాణ్ణి పిలిచారు. ఇంతకాలం తన తాత పరువు పోయిందని కుమిలిపోయిన రైన్‌హోల్డ్ ఇప్పుడు పక్షం మార్చి, ట్రెవర్‌కు ఫోను చేసి తమ్ముడూ అని పిలవడం మొదలుపెట్టాడు. తాత చేసిన పని అతనికిప్పుడు ఒక సాక్ష్యం.

తీర్పు చెప్పగలిగేది మూడో శాఖ ఒక్కటే. ఎర్న్‌స్ట్ శాఖలో మిగిలింది హుల్డా ఒక్కతే. ఎర్న్‌స్ట్ మనవరాలు, తొంభై నాలుగేళ్ళు, పెళ్ళి చేసుకోలేదు, వృద్ధాశ్రమంలో కిటికీ పక్క మంచం. ఆగస్టులో కోరలీ స్వయంగా గొట్టం పట్టుకుని వెళ్ళింది. ఎందుకని హుల్డా అడిగితే, ఆరోగ్యం కోసమని చెప్పింది. హుల్డా ఒక్క నిమిషంలో గీత దాకా ఉమ్మి ఇచ్చింది.

సెప్టెంబరు మూడో వారంలో ఫలితం వచ్చింది. విప్పి చూసేటప్పుడు రెండు పక్షాలూ ఉండాలని రైన్‌హోల్డ్ పట్టుబట్టడంతో, అతనూ కోరలీ ఇద్దరూ హుల్డా మంచానికి చెరోవైపు కూర్చున్నారు. మెర్విన్ తలుపు దగ్గర నిలబడ్డాడు. రైన్‌హోల్డ్ చదివాడు. హుల్డాకు రైన్‌హోల్డ్ బంధువు. రైన్‌హోల్డ్ చెల్లెళ్ళు బంధువులు. ట్రెవర్ హాస్కిన్ బంధువు. విల్‌హెల్మ్ శాఖలో ఒక్కరూ కారు.

ల్యాబువాళ్ళు గొట్టాలు మార్చేశారని కోరలీ అంది. రెండువందల గొట్టాలా అని రైన్‌హోల్డ్ అడిగాడు. గాట్‌ఫ్రీడ్ భార్య పవిత్రురాలనీ, విల్‌హెల్మ్ ఆమె తొలిచూలు బిడ్డ అనీ, చర్చి రిజిస్టరులో పుట్టుక నమోదై ఉందనీ కోరలీ గొంతు పెంచింది. సంచిలోంచి కొత్త పుస్తకం తీసి, పదకొండో పేజీలో రిజిస్టరు ఫోటో చూపించింది. పాత జర్మన్ లిపి. కింద ఆమె చేసిన అనువాదం, మందపాటి అక్షరాల్లో.

హుల్డా కళ్ళజోడు పెట్టుకుంది. చిన్నప్పుడు ఆ లిపిలోనే ఓనమాలు దిద్దిన మనిషి.

"ఈ మాటకు నువ్వేమని రాశావు పిల్లా?"

"అంగెనోమెన్. స్వీకరించబడిన బిడ్డ అని. దేవుడు స్వీకరించాడని నేనే బ్రాకెట్లో వేశాను."

"దేవుడు కాదు, మా ముత్తవ్వ స్వీకరించింది. అంగెనోమెన్ అంటే ఇక్కడ పెంపకానికి తెచ్చుకున్న బిడ్డ అని. పక్క పొలం పెక్ గారి భార్య పురిట్లో పోయింది. ఆయనకు అప్పటికే ముగ్గురు. మా ముత్తవ్వకు ఇంకా పిల్లల్లేరు. వారం రోజుల పసివాణ్ణి దుప్పట్లో చుట్టుకుని తెచ్చుకుంది. ఆ తర్వాత మా వాళ్ళిద్దరూ పుట్టినా, పెద్దకొడుకు పెద్దకొడుకే అంది."

కోరలీ పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది.

"నీకు తెలుసా ఈ సంగతి?" అంది కోరలీ.

"మా చిన్నప్పుడు అందరికీ తెలుసు. విల్‌హెల్మ్‌కూ తెలుసు. ఇద్దరు తండ్రుల సమాధుల మీదా పూలు పెట్టేవాడట. ఇందులో దాచుకునేదేముందని ఎవరూ దాచలేదు, చాటుకునేదేముందని ఎవరూ చాటలేదు. ముప్ఫై ఏళ్ళు నా దగ్గరికి వచ్చావు, పుట్టినతేదీలు తప్ప ఇంకొక మాట అడిగావా?"

బయటకొచ్చాక కోరలీ కారులో కూర్చుని, బెల్టు పెట్టుకుని, చాలాసేపు పోనివ్వమనలేదు. ముప్ఫై ఏళ్ళుగా తాను వేసిన నంబర్లన్నీ ఎవరో వేళ్ళతో ఒక్కొక్కటీ చెరిపేస్తున్నట్టు ఆమెకు అనిపించింది. తన నంబరు దగ్గరికి వచ్చేసరికి ఏడుపొచ్చింది. నిజమైన ఏడుపే. మెర్విన్ చేతిరుమాలు ఇచ్చాడు. విల్‌హెల్మ్ సొంత అన్న మెర్విన్‌కు ముత్తాత అన్న లెక్క అతను అప్పటికే మనసులో కట్టేసుకున్నాడు.

"నలభై ఏడేళ్ళుగా మావాళ్ళను పొగ మనుషులంటున్నావు కదా కోరలీ" అన్నాడు మెల్లగా. "ఇకమీదట మనవాళ్ళు అంటే సరిపోతుంది."

ఆమె రుమాలు తిరిగి ఇవ్వలేదు.

నియమం మార్చడానికి కోరలీ మూడు ఉత్తరాలు రాసి చూసింది. రక్తం కంటే ప్రేమ గొప్పదని ఒకటి, వంశం అంటే ఆచారమని ఒకటి, సైన్సును అతిగా నమ్మకూడదని ఒకటి. రైన్‌హోల్డ్ మే నెల ఉత్తరాన్ని పెద్దది చేయించి బేకరీ అద్దానికి అంటించాడు. మినహాయింపు లేదు అన్న గీత రోడ్డు అవతలికి కూడా కనబడేది. ఆరువందల ప్రతులు అచ్చయిపోయి గిడ్డంగిలో ఉన్నాయి. మళ్ళీ వేయడం కుదరదు గనక ప్రతి దాంట్లో ఒక సవరణ చీటీ పెట్టారు. పదకొండో పేజీ నుంచి నాలుగువందల పద్దెనిమిదో పేజీ దాకా ఉన్నవారిని అనుబంధంలో ఉన్నట్టుగా భావించి చదువుకోవలసిందిగా ప్రార్థన.

పండుగ రోజు వాన పడింది. హాలు మూడువందల మందికి కట్టినది. అందులో ట్రౌగాట్ శాఖవాళ్ళు అరవై మంది, చక్రాల కుర్చీలో హుల్డా, ఇస్త్రీ చొక్కా వేసుకుని ఎక్కడ కూర్చోవాలో తెలియని ట్రెవర్ హాస్కిన్. ఇక నూట ఇరవై మందికి వేసిన గుడారంలో విల్‌హెల్మ్ శాఖ మూడువందల ముప్ఫై మంది, పళ్ళేలు తలల మీద పెట్టుకుని నిలబడ్డారు. కోరలీ గుమ్మం దగ్గర బల్ల వేసుకుని పేరుచీటీలు ఇస్తోంది. తన చీటీ మీద కూడా చుక్క లేదు. చెల్లెలి కూతురు ఈతపిల్లను వెంటబెట్టుకుని వచ్చి, చీటీలు తీసుకుని, గుడారానికి దారి తమకు ముందు నుంచీ తెలుసని చెప్పి సాగిపోయింది.

పదకొండింటికి శిలాఫలకం. గాట్‌ఫ్రీడ్ రక్తం పంచుకు పుట్టినవారు తెర తీస్తారని కార్యక్రమ పత్రికలో ఉంది. హుల్డా తన చేతులు లేవవంది. రైన్‌హోల్డ్ ముందుకొచ్చాడు గానీ, గుడారంలోంచి మూడువందల ముప్ఫై మంది తనవైపే చూస్తున్నారని, వాళ్ళంతా తన దగ్గరే రొట్టె కొనేవాళ్ళని గుర్తొచ్చి, తమ్ముడే చేయాలని ట్రెవర్‌ను ముందుకు తోశాడు. ట్రెవర్ తాడు లాగాడు. తడిసిన తెర రాయికి అతుక్కుపోయి ఊడలేదు. రెండు చేతులతో ఊడబెరికాడు. పైవరసలో గాట్‌ఫ్రీడ్ పేరు, దాని కిందే అంతే సైజులో, జ్యేష్ఠశాఖ వారసురాలు కోరలీ పెక్, పుట్టుకతో లిండ్నర్.

మాట్లాడమన్నారు. ట్రెవర్ మైకు పట్టుకుని కాసేపు వాన వంక చూశాడు.

"మా నాయనమ్మను ఇక్కడి నుంచి పంపించేశారు. ఆవిడ ఈ ఊరి గురించి ఒక్క చెడ్డమాట అనలేదు, కేకు బాగుంటుందని మాత్రం చెప్పేది. లోపల రెండువందల కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. మీరంతా అక్కడెందుకు తడుస్తున్నారో నాకు నిజంగా అర్థం కాలేదు. లోపలికి వచ్చేయండి."

ముందు ట్యూబావాడు కదిలాడు, దాన్ని వానలో ఉంచడం ఇష్టం లేక. వాడి వెనక అందరూ కదిలారు. పది నిమిషాల్లో హాల్లో ఎవరు ఏ శాఖో చెప్పడానికి వీల్లేకుండా పోయింది. చుక్కలున్న చీటీలు కూడా తడిసి ఊడిపోయాయి. రైన్‌హోల్డ్ ఎందుకైనా మంచిదని వ్యానులో దాచి తెచ్చిన కేకులు బయటికి తీయించాడు. బ్యాండు రెండు గదుల్లో నేర్చుకున్న రెండు వేర్వేరు పాటలు ఒకేసారి వాయించింది. హుల్డా బీరు అడిగి తెప్పించుకుంది. చివరికి బయట మిగిలింది బల్ల, దాని వెనక కోరలీ.

ట్రెవర్ గుమ్మంలోకి వచ్చి పిలిచాడు. "నువ్వూ రా అక్కా. ఇక్కడ ఎవరూ ఏమీ అడగట్లేదు."

సెప్టిక్ ట్యాంకులవాడి దయ మీద సొంత పండుగలోకి అడుగుపెట్టడం ఆమె జీవితంలో అదే మొదటిసారి. లోపలికి వెళ్ళింది, కేకు తింది, అందరికీ నమస్కారాలు చెప్పింది. ఆ మధ్యాహ్నమంతా ఆమె అంత మర్యాదగా ఉండటం చూసి, పాపం మారిపోయిందని చాలామంది అనుకున్నారు. మెర్విన్ మాత్రం అలా అనుకోలేదు.

తర్వాతి గురువారం ఆమె పాత ఓడల జాబితాలు తిరగేస్తూ ఒక సంగతి కనిపెట్టింది. పెక్‌లు ఈ లోయకు లిండ్నర్ల కంటే తొమ్మిదేళ్ళ ముందు వచ్చారు. అంటే లిండ్నర్లు వెనక వచ్చినవాళ్ళు. పెక్‌లకు ఇంతవరకు పుస్తకం లేదు, నంబర్లు లేవు, కమిటీ లేదు, ఎవరు అసలైన పెక్ అన్నది తేల్చే ఏర్పాటు కూడా లేదు. సిగ్గుచేటు అనుకుంది. సంతకంలో చివరి రెండు మాటలు కొట్టేసి, ఫోను పుస్తకంలో దొరికిన నూట డెబ్బై మంది పెక్‌లకు ఉత్తరం రాసి, తొలి సమావేశం తేదీ నిర్ణయించి, అధ్యక్షత తానే వహిస్తానని తెలియజేసింది. అప్పటిదాకా పెక్‌లలో ఎవరికీ ఎవరితోనూ మాటపట్టింపులు లేవు.